అక్కడ

వంజరం, చందువ, కోనాం, కానాగంతలు,
కవళ్లు, పారలు, పాలసొర.
ఫిషింగ్ హార్బర్లో తెల్లారకముందే
ఒక్కో చేపనూ పేరుపెట్టి పిలిచే అర్జిల్లి దానమ్మ పిన్ని
కేజీహెచ్‌లో డాక్టరమ్మ "ఎక్కడమ్మా?" అంటే
"అక్కడ" అంది.

"అక్కడంటే?"
"అక్కడేనమ్మా."
చూపు నేలమీద, గచ్చు పగులులో.

పేరు లేక కాదు.
వేలంపాట తగువుల్లో ఆ పేరు
రోజుకి వందసార్లు గాల్లో ఎగురుతుంది,
అందరి అమ్మలకీ తగులుతుంది.
తిట్టడానికి ఉన్న మాట
నొప్పి చెప్పడానికి పనికిరాలేదు.

మూడేళ్ల దురద.
మొదట ఉప్పునీళ్లనుకుంది,
తడిచీరతో గంపల మధ్య కూచునే ఒళ్లు
దురదెట్టకపోతేనే వింత కదా అని.
తర్వాత షుగరనుకుంది.
తర్వాత, ముట్లుడిగిపోయాక ఆడదాని ఒళ్లు
ఇలాగే ఎండుతుందనుకుంది.
మందులషాపు కుర్రాడు మొహం చూడకుండా ఇచ్చిన తామర ట్యూబులు
ఎన్ని పిండిందో.
కొబ్బరినూనె, వేపాకు కాచిన నీళ్లు,
రాత్రిళ్లు గోళ్లు.

చర్మం తెల్లబడిందనీ, ఓ పక్క మందమెక్కిందనీ
ఆమెకి తెలీదు.
మొప్ప ఎత్తి, రంగు చూసి
నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పే కళ్లు
అరవై రెండేళ్లలో ఒక్కసారీ
ఆ జానెడు మేరకి దిగలేదు.

నాకు తెలిసిందీ చూసి కాదు, అబద్ధం వల్ల.
చీర వెనక మరక.
"చేప నెత్తుర్లేవే" అంది.
అప్పుడు వేట నిషేధం. బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి.
నెలరోజులుగా మేమమ్ముతున్నది ఎండు నెత్తళ్లు.
"ఎండుచేపకి నెత్తురేటి పిన్నీ?"

పలకలేదు.
చుట్ట తిప్పి, నిప్పువైపు నోట్లో పెట్టుకుంది.
చిన్నప్పుడు అడిగేదాన్ని, నాలిక కాలదా అని.
"అలవాటైతే ఏటీ కాలదే గుంటా."

ఆ అడ్డపొగ సంగతీ రాసుకుంది డాక్టరమ్మ.
"సుట్టకీ దానికీ ఏం సుట్టరికమమ్మా?"
ఉందట. పొగకీ ఉందట, వయసుకీ,
చాన్నాళ్లుగా మానని ఆ తెల్లమచ్చలకీ.
మొగుడూపెళ్లాల మధ్య చేరి
ఏళ్లకేళ్లు చప్పుడు చెయ్యని ఒక వైరస్‌కీ.
"ఆయన పోయి పదకొండేళ్లమ్మా" అంది పిన్ని.
డాక్టరమ్మ తల ఊపింది, పెన్ను ఆపలేదు.

"దురదలన్నీ ఇది కాదు. చాలావరకు కావు.
కానీ మందు రాసినా వారాల తరబడి తగ్గనిది,
మానని పుండు, పులిపిరిలాంటి గడ్డ,
రంగు మారిన చోటు, ఒంటేలుకి మంట,
ఆగిపోయాక మళ్లీ కనబడ్డ నెత్తురు,
వీటిలో ఒక్కటున్నా చూపించుకోవాలి.
తొందరగా వస్తే చిన్న కోతతో పోవచ్చు."
నాకేసి కూడా చూసి చెప్పింది.
నేనెందుకో పైట సర్దుకున్నాను.

మొద్దుబార్చి, మినపగింజంత ముక్క తీశారు.
గురువారం రిపోర్టు.
ఆటో పూర్ణామార్కెట్ దాటాక పిన్ని అంది,
"ఆ పిల్ల అక్కడ చూస్తన్నపుడు
ముక్కు మూసుకోలేదే."
అంతే. జాలరిపేట దాకా ఇంక మాట లేదు.

నిన్న రాత్రి బాత్రూం గడియ పెట్టి
మా ఆయన గడ్డం గీసుకునే అద్దం నేలమీద పెట్టాను.
నలభై ఒకటేళ్లు.
పుట్టి పెరిగిన ఊళ్లోనే
నేనెప్పుడూ తిరగని వీధి.
ఏది ఎప్పట్నుంచీ ఉందో, ఏది కొత్తదో
ఎవర్ని అడగను?
ట్యూబులైటు వెలుగు చాలక
ఫోను లైటు వేశాను.

తలుపు కొట్టాడు,
"ఎంతసేపే?"

"ఉండు," అన్నాను,
"చూసుకుంటున్నాను."